భోజన విరామాన్ని షేకర్‌లో కలిపేయకండి: విశాఖ సంస్థల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని ఐటీ, బీపీఓ, ఔషధ, వస్త్ర పరిశ్రమల మానవ వనరుల విభాగాధిపతులకు, ఆపరేషన్స్ మేనేజర్లకు, ఫ్యాక్టరీ మేనేజర్లకు నమస్కారం.

రుషికొండ ఐటీ కొండల మీద, మధురవాడలో, దువ్వాడ ప్రత్యేక ఆర్థిక మండలిలో, పరవాడ ఫార్మాసిటీలో, అచ్యుతాపురంలో పనిచేసే వేలాదిమంది ఏ వేళకు తినాలో, ఎంతసేపట్లో తినాలో నిర్ణయించేది మీరే కనుక ఈ లేఖ మీకు రాస్తున్నాను. పరవాడ, అచ్యుతాపురం 2022లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్లినా, అక్కడికి వెళ్లే షిఫ్టు బస్సులు నిండేది గాజువాక, కూర్మన్నపాలెం, ఎన్‌ఏడీ కూడళ్లలోనే కనుక వారిని కూడా విశాఖ వారిగానే లెక్కలోకి తీసుకున్నాను. మన కార్యాలయాల్లో మీల్ రీప్లేస్‌మెంట్ పొడులు, అంటే భోజనానికి బదులుగా కలుపుకుని తాగేవి, ఇప్పుడు మామూలు వస్తువైపోయాయి. నీళ్లలోనో పాలలోనో వేసి, నాలుగు ఊపులు ఊపి, కుర్చీలోంచి లేవకుండా తాగేయగల ఈ పొడులను మొదట ఉద్యోగులే సొంత డబ్బుతో కొనుక్కున్నారు. తర్వాత కొన్ని సంస్థలు వాటిని తామే కొని, ప్యాంట్రీ అలమరలో పేర్చి, సిబ్బంది సంక్షేమం కింద చూపించుకుంటున్నాయి. ఆ ఖర్చును నేను తప్పుపట్టడం లేదు. అయితే ఆ పొట్లాల వెనకాలే "పొడి ఉంది కదా, అంతసేపు విరామం ఎందుకు" అనే మాట కూడా వస్తోంది. నా తోటివారు పనిచేసే ఒక సంస్థలో భోజన విరామం ముప్పావుగంట నుంచి ఇరవై నిమిషాలకు కుదించిన సర్క్యులర్, ప్యాంట్రీలో ఉచిత పొట్లాలు పెట్టామని ప్రకటించిన సర్క్యులర్ రెండూ ఒకటే కాగితం. ఈ లేఖకు కారణం ఆ కాగితమే.

నేను ఈ పొడులకు వ్యతిరేకిని కానని ముందే చెప్పడం మంచిది. మధురవాడలో విదేశీ ఆరోగ్య బీమా క్లెయిములు పరిశీలించే కార్యాలయంలో రాత్రి షిఫ్టులు చేసే ఉద్యోగినిని. నా సొరుగులోనూ ఒక డబ్బా ఉంటుంది. పని వేళలు అమెరికా గడియారాన్ని బట్టి నడిచే చోట మా లంచ్ రాత్రి పదింటికో పదకొండింటికో వస్తుంది. ఆ సరికి క్యాంటీన్ కాంట్రాక్టరు మనుషులు గిన్నెలు సర్దుకుంటూ ఉంటారు. ఆఫీసు కొండ మీద, తిండి కొండ కింద. గీతం జంక్షన్‌కో ఎండాడ వైపో దిగి, తిని, మళ్లీ పైకి రావాలంటే విరామం దారికే సరిపోతుంది. ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకున్నా, మూత తీసే వేళకు ఎస్కలేషన్ కాల్, అంటే పై స్థాయికి చేరిన ఫిర్యాదు మీద కాల్, వచ్చిందంటే ఆ అన్నం తెల్లవారుజామున క్యాబ్‌లో అలాగే ఇంటికి తిరిగి వెళ్తుంది. అలాంటి రాత్రి మనిషి కడుపులో పడేవి మెషిన్ టీ, రెండు బిస్కట్లు, ఒంటిగంటకు మరో టీ, పక్క సీటులోని వారు చాపిన చిప్స్ ప్యాకెట్టు. వాటితో పోలిస్తే ప్రొటీన్, విటమిన్లు, కొంత పీచు కలిసిన ఒక గ్లాసు పానీయం ఎన్నో రెట్లు మేలు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు తాగవద్దంటున్నాయి. వాటిలోని టానిన్లు తిండిలోని ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడతాయి. కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదని కూడా అందులోనే ఉంది. టీయే భోజనమైపోయిన మా ఫ్లోరులో ఆ గంటను ఎక్కడి నుంచి ఎక్కడికి లెక్కపెట్టుకోవాలో ఎవరూ చెప్పలేరు. కాబట్టి భోజనం తప్పిపోయిన రోజున ఆదుకునే వస్తువుగా పొడి ఉండాలి, ఉండనివ్వండి. భోజనాన్ని రోజూ తప్పించడానికి అది సాకు కాకూడదు. అలా ఎందుకు కాకూడదో చెప్పాలంటే ఆ పొట్లం లోపలికి కొంచెం వెళ్లాలి.

ఈ తరహా ఆహారం కొత్తగా పుట్టిందేమీ కాదు. సరిగా తినలేని రోగుల కోసం, కోలుకుంటున్నవారి కోసం ఇలాంటి పొడులు దశాబ్దాలుగా ఆసుపత్రుల్లో వాడుకలో ఉన్నాయి. పని మధ్యలో తినే వ్యవధి లేనివారి కోసం అనే ప్రచారం మాత్రం 2013లో అమెరికాలో రాబ్ రైన్‌హార్ట్ అనే యువ ఇంజనీరు సోయ్‌లెంట్ అనే పొడిని జనం ముందస్తుగా చెల్లించిన డబ్బుతో ప్రారంభించాక ఊపందుకుంది. 2015లో బ్రిటన్ నుంచి హ్యూల్ అనే అలాంటి పొడే వచ్చింది. మన దేశంలోనూ ఆ దారిలో చాలా కంపెనీలు బయలుదేరాయి. ఇవి పనికిరానివని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2017 చివర లాన్సెట్ పత్రికలో ఫలితాలు వెలువడిన ఒక బ్రిటన్ అధ్యయనంలో టైప్ 2 మధుమేహం ఉన్నవారికి మూడు నుంచి ఐదు నెలలపాటు రోజుకు 825 నుంచి 853 కిలోకేలరీల ఫార్ములా ఆహారం మాత్రమే ఇచ్చి, తర్వాత మెల్లగా మామూలు తిండికి తీసుకొచ్చారు. ఏడాది తిరిగేసరికి వారిలో 46 శాతం మందికి మందులు లేకుండానే మధుమేహం ఉపశమించింది. అయితే అది వైద్యబృందం పర్యవేక్షణలో, బరువు తగ్గించాలన్న ఉద్దేశంతో, తగిన ఎంపిక తర్వాత జరిగిన పని. మీరు ప్యాంట్రీలో పెట్టే పొట్లానికి ఆ ఉద్దేశమూ లేదు, ఆ పర్యవేక్షణా లేదు.

మీలో అంకెలు ఇష్టపడేవారు ఎక్కువ కనుక అంకెలతోనే చెబుతాను. బరువు తగ్గే ఆహారంలో ఒక పూట భోజనానికి బదులుగా వాడే ఫార్ములాలో 200 కిలోకేలరీలకు తగ్గకూడదని, 400 మించకూడదని ఆహార ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ కోడెక్స్ సంస్థ 1991లోనే ప్రమాణం పెట్టింది. మీల్ రీప్లేస్‌మెంట్ పేరుతో అమ్ముడవుతున్న పొట్లాల్లో చాలావాటి శక్తి విలువ ఈ పరిధిలోనే తిరుగుతుంది. ఆ పరిధి ఎవరి కోసం నిర్ణయించారో చూడండి: కావాలని తక్కువ తినదలచినవారి కోసం. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో సవరించిన లెక్కల ప్రకారం కూర్చుని పనిచేసే పురుషుడికి రోజుకు 2,110, మధ్యస్థ శ్రమ చేసేవారికి 2,710, కఠిన శ్రమ చేసేవారికి 3,470 కిలోకేలరీలు కావాలి. స్త్రీలకు ఇవే వరుసలో 1,660, 2,130, 2,720. రోజు తిండిలో మధ్యాహ్న భోజనం మూడోవంతు అనుకుంటే, కీబోర్డు ముందు కూర్చునే పురుషుడికి 700, అచ్యుతాపురంలో కుట్టు యంత్రాల వరుసల మధ్య రోజంతా నిలబడి తనిఖీ చేసే అమ్మాయికి కూడా దాదాపు అంతే, పరవాడలో బస్తాలు ఎత్తి రియాక్టర్‌లో ముడిసరుకు నింపే కార్మికుడికి మధ్యస్థ శ్రమ లెక్కనే చూసినా 900 కిలోకేలరీలు ఆ ఒక్క పూటే అవసరం. ఆ కార్మికుడి చేతిలో 200 కిలోకేలరీల పొట్లం పెట్టి భోజనం పెట్టామనుకుంటే, మిగిలిన 700 సాయంత్రం గేటు బయట బండి దగ్గర మిరపకాయ బజ్జీల రూపంలో లోపలికి వెళ్తాయి. బజ్జీలంటే నాకూ ఇష్టమే, ఆ బండివారి వ్యాపారం బాగుండాలి. కానీ మీ సంక్షేమ పథకం చివరకు చేరేది అక్కడికే అయితే దాని గురించి బోర్డు పెట్టుకోవడం బాగుండదు.

ఇంకో చిక్కు, ప్యాంట్రీల్లో కనిపించేవన్నీ మీల్ రీప్లేస్‌మెంట్లు కావు. మా అంతస్తులోని అలమరలో మూడు రకాల డబ్బాలు ఒకే వరుసలో ఉంటాయి. అందులో ఒకటి వే ప్రొటీన్, అంటే వ్యాయామశాలకు వెళ్లేవారు వాడేది. ఒక చెంచా కొలతలో సుమారు 120 కిలోకేలరీలు, పాతిక గ్రాముల లోపు ప్రొటీన్ ఉంటాయి, పిండిపదార్థం, పీచు దాదాపు ఉండవు. భోజనం స్థానంలో నిలబడే వస్తువు కాదది. పైన చెప్పిన 2024 మార్గదర్శకాలు ప్రొటీన్ సప్లిమెంట్లకు దూరంగా ఉండమనే చెప్పాయి. ఇంకొకటి పిల్లలకు ఇచ్చే మాల్ట్ పానీయం. ఆహార భద్రత చట్టంలో "హెల్త్ డ్రింక్" అనే వర్గమే లేదని, అలాంటి పానీయాలను ఆ పేరుతో చూపవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ అమ్మకం వేదికలకు చెప్పాల్సి వచ్చింది. మూడోదే అసలు మీల్ రీప్లేస్‌మెంట్. కొనుగోలు విభాగంలో ఎవరో "న్యూట్రిషన్" అన్న మాట చూసి మూడింటినీ ఒకే గంపకు ఎత్తారు.

ఆ మూడోదాని లేబుల్‌ను కూడా దగ్గరగా చూడాలి. ముందు వైపు బొటనవేలంత అంకెలో ప్రొటీన్ గ్రాములు ఉంటాయి. పొట్లం తిప్పి, కింది అంచున వెతికితే నక్షత్రం గుర్తు పక్కన "200 మిల్లీలీటర్ల పాలతో కలిపినప్పుడు" అని చీమ తలకాయంత అక్షరాల్లో కనిపిస్తుంది. ఆ పాలలోనే ఆరు గ్రాముల దాకా ప్రొటీన్ ఉంది. మీ ప్యాంట్రీలో పాలు ఉండవు, ఉండేది వాటర్ కూలర్. అంటే ముందున్న అంకెలో ఆ మేరకు మాకు దక్కదు, పాల కేలరీలూ దక్కవు. మన దేశపు నిబంధనల ప్రకారం లేబుల్ మీద పదార్థాలను బరువులో ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. కాబట్టి మొదటి రెండు పేర్లలోనే మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే పదార్థం), పంచదార కనిపిస్తే ఆ పొట్లంలో ఎక్కువ భాగం ఏమిటో చెప్పడానికి నిపుణులు అక్కర్లేదు. 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉందో లేదో, ఒక పూటకు శక్తి ఎంతో, పీచు ఎంతో, ప్రొటీన్ పొడిలోదా పాలలోదా అన్న విషయాలను కొనుగోలు చేసే వ్యక్తి పది నిమిషాలు కూర్చుని చదివితే తెలిసిపోతాయి.

పొడి మంచిదే అయినా, ద్రవంగా తాగిన కేలరీలు నమిలి తిన్న కేలరీలంత సేపు ఆకలిని ఆపవు. తాగినప్పుడు పని త్వరగా అయిపోతుంది, అందుకే కడుపు నిండిన సంకేతం కూడా బలంగా అందదు. అన్నం, పప్పు, కూర, పెరుగు ఉన్న క్యారేజీలో పొడి ఇవ్వలేనివి చాలా ఉంటాయి. వాటిలో పోషక విలువగా కొలవలేనిది కూడా ఒకటుంది. మా బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి పాడేరు వైపు నుంచి వచ్చింది. ఆమె ఎవరితోనైనా నోరు విప్పి మాట్లాడిన మొదటి చోటు మీటింగ్ గది కాదు, క్యారేజీలు విప్పుకునే బల్ల. ఎవరి ఫైలు ఎక్కడ ఆగింది, ఏ క్లయింటు ఏ మాటకు చిరాకుపడతాడు అన్న సమాచారం కూడా మాకు శిక్షణలో కన్నా ఆ బల్ల దగ్గరే ఎక్కువ తెలిసింది. ఆ అరగంటను వృథా సమయంగా రాసుకునే మేనేజర్ ఎన్నడూ ఆ బల్ల దగ్గర కూర్చుని ఉండరని నా అనుమానం.

ఔషధ పరిశ్రమల వారికి విడిగా ఒక మాట. మీ ఉత్పత్తి విభాగాల్లో పొట్లం ఆదా చేస్తుందనుకునే సమయం నిజానికి ఆదా కాదు. ఔషధాల తయారీ ఎలా జరగాలో చెప్పే షెడ్యూల్ ఎం నిబంధనల ప్రకారం ఉత్పత్తి, నిల్వ, ప్రయోగశాల ప్రాంతాల్లో తినడం ఎంత నిషిద్ధమో తాగడమూ అంతే నిషిద్ధం. షేక్ తాగాలన్నా కార్మికుడు గౌను, టోపీ, మాస్కు, షూ కవర్లు తీసి, చేతులు కడుక్కుని బయటికి రావాల్సిందే, తాగాక అదంతా మళ్లీ వేసుకోవాల్సిందే. అరగంట విరామంలో సగం ఈ విప్పడానికీ తొడగడానికీ, క్యాంటీన్ దాకా నడవడానికే పోతుంది. ఈ ఇబ్బందికి మందు తిండిని పలచన చేయడం కాదు. గౌను మార్చుకునే వ్యవధిని విరామంలోంచి తీసేసి పనివేళల్లో కలపండి. అలా చేసే సంస్థలు ఉన్నాయని మీకూ తెలుసు.

చట్టం ఏమంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు గానీ, చదివే ఉద్యోగుల కోసం రాస్తున్నాను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వకుండా ఐదు గంటలకు మించి ఏ కార్మికుడితోనూ వరుసగా పని చేయించే వీలు ఉండేది కాదు. 250 మందికి మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో క్యాంటీన్ గురించి 46వ సెక్షన్, 150 మందికి మించితే భోజనపు గది గురించి 47వ సెక్షన్ చెప్పాయి. 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజువారీ పని పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి, విరామం లేకుండా చేయించగల పనిని ఐదు గంటల నుంచి ఆరుకు పెంచే సవరణలకు ఆమోదం తెలిపింది. ఆ ఏడాది నవంబరు 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 100 మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థల్లో క్యాంటీన్ గురించి చెబుతోంది. పని సాగే కొద్దీ తిండికి మధ్యలో దొరికే వ్యవధి విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు. ఇంతకీ ఈ చట్టాలన్నిటిలో విరామం అనే మాట ఉంది, క్యాంటీన్ అనే మాట ఉంది. ఆ రెండింటికీ బదులు పొట్లం ఇవ్వవచ్చన్న మాట నాకు ఎక్కడా కనిపించలేదు.

అందరికీ ఒకే పొట్లం పంచడంలో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది, దీన్ని మన ప్రాంతంలో తేలిగ్గా తీసుకోకూడదు. మీ సిబ్బందిలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చినవారు తప్పక ఉంటారు. కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఎంతమందిని పట్టి పీడిస్తోందో, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రిని ఎందుకు తెరవాల్సి వచ్చిందో ఉత్తరాంధ్రలో తెలియనివారు లేరు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు ఎంత ప్రొటీన్, ఎంత పొటాషియం, ఎంత ఫాస్ఫరస్ తీసుకోవాలన్నది డాక్టరు చెప్పాల్సిన విషయం. ఈ మూడూ దట్టించిన పొడిని కంపెనీ పేరుతో, "ఆరోగ్యానికి మంచిది" అన్న పోస్టరు కింద పెట్టి పంచితే, తనకు జబ్బు ఉందని ఇంకా తెలియని కుర్రవాడు కూడా రోజూ తాగుతాడు. ఇన్సులిన్ తీసుకునేవారికి ఏ వేళకు ఎంత పిండిపదార్థం అందుతుందన్నది సూది మోతాదుతో ముడిపడిన సంగతి. 700 కిలోకేలరీల భోజనానికి సరిపడా మోతాదు వేసుకుని 200 కిలోకేలరీల షేక్ తాగితే షిఫ్టు మధ్యలో చక్కెర పడిపోతుంది. పాలు పడనివారికి పాలపొడి ఆధారంగా చేసినవి కడుపుబ్బరం తెస్తాయి. వీటిలో ఏదీ మీ సంక్షేమ సర్క్యులర్‌లో కనిపించదు.

తప్పిన భోజనానికి బదులు ఉంచదలిస్తే మన దగ్గరే దొరికేవి కూడా ఆలోచించండి. ఉత్తరాంధ్రలో పొలానికి వెళ్లేవారు తరతరాలుగా చోడి (రాగి) అంబలి తాగి పని చేశారు. చోళ్లలో వంద గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, ఇది బియ్యంలో ఉన్నదానికి ఎన్నో రెట్లు. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం వారు తాము రూపొందించిన చోడి రకాలకు వేగావతి, ఇంద్రావతి అని నదుల పేర్లు పెట్టుకున్నారు, పక్క జిల్లాలో పండే పంట అది. అంబలి ఒక్కటే భోజనం కాదు, అందులో ప్రొటీన్ తక్కువ, ఈ విషయం దాచను. ముప్పై గ్రాముల చోడి పిండితో కాచిన అంబలిలో గ్లాసుడు పెరుగు కలిపి, పక్కన గుప్పెడు వేయించిన శనగపప్పు, ఒక ఉడికించిన గుడ్డు, ఒక అరటిపండు పెడితే ఆహార విలువల పట్టికల ప్రకారం సుమారు 500 కిలోకేలరీలు, 20 గ్రాములకు పైగా ప్రొటీన్ వస్తాయి. పొట్లాల్లో ఉండే పాతిక దాకా విటమిన్లు, ఖనిజాలు ఇందులో అదే మోతాదులో ఉంటాయని నేను అనను. కానీ నమలడానికి ఏదో ఒకటి ఉంటుంది, ఎవరికి ఏది పడదో దాన్ని వదిలేసి మిగిలింది తినవచ్చు. అన్న క్యాంటీన్లలో పూటకు ఐదు రూపాయలకు వేడి అన్నం పెట్టడం ప్రభుత్వానికే సాధ్యమవుతున్నప్పుడు, అద్దాల భవనాల్లో ఉన్న సంస్థలకు రాత్రి పదకొండింటికి ఒక వేడి గిన్నె అసాధ్యమనడం నమ్మశక్యంగా లేదు.

పొడులు ఉంచదలచినవారు ఉంచండి. అప్పుడు అవి నిజంగా వాడుకునేలా ఉంచండి. మన ఉప్పుగాలికి, ఉక్కపోతకు తెరిచిన పెద్ద డబ్బాలోని పొడి కొద్దిరోజులకే గడ్డకడుతుంది, పైగా పదిమంది తడి చెంచాలు ముంచుతారు. ఒక పూటకు సరిపోయే విడి పొట్లాలు నయం. షేకర్ మూతలోని రబ్బరు వాషర్ సందులో చిక్కిన పొడి మర్నాటికి పులిసి వాసన కొడుతుంది, దాన్ని వేడినీళ్లు, బ్రష్, సబ్బు లేకుండా కడగలేం. చేతులు కడిగే సింకులో షేకర్లు కడగవద్దని నోటీసు అంటించిన సంస్థలే షేకర్లు బహుమతిగా ఇచ్చాయి. కలిపి పెట్టుకున్న పానీయాన్ని మన ఎండల్లో బయట ఎక్కువసేపు ఉంచకూడదు, కాబట్టి ఫ్రిజ్ కావాలి. పాలు అందుబాటులో ఉండాలి. పొడి పేరు, శక్తి, అందులోని పాలు, సోయా వంటి పడనివి ఏమున్నాయో తెలుగులో రాసిన చీటీ అలమర తలుపు మీద ఉండాలి. మూత్రపిండాల వ్యాధి, మధుమేహం ఉన్నవారు డాక్టరును అడిగాకే వాడాలన్న వాక్యం ఆ చీటీలో పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు.

"మేం ఎవరినీ తినవద్దనలేదే" అని మీరు అంటారని తెలుసు. నోటితో ఎవరూ అనరు. మా తెరల మీద బ్రేక్ బటన్ నొక్కగానే గడియారం తిరగడం మొదలవుతుంది, గడువు దాటిన నిమిషం నుంచి వరుస ఎర్రబడుతుంది, నెలాఖరున షెడ్యూల్ అడ్హియరెన్స్ శాతంలో, అంటే కేటాయించిన వేళలను ఎంత కచ్చితంగా పాటించామన్న లెక్కలో, అది తేలుతుంది, ఆ శాతం ఇన్సెంటివ్‌లో తేలుతుంది. బటన్ నొక్కకుండా సీటులోనే షేక్ తాగినవారి వరుస పచ్చగా ఉంటుంది. టీమ్ లీడ్ వారాంతపు సమీక్షలో ఆ పచ్చ వరుసను చూపించి మెచ్చుకుంటే, పక్కవారికి అందిన ఆదేశం ఏమిటో ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు. మా ఫ్లోరులో పొడులు తాగేవారిలో ఎక్కువమంది ఇష్టపడి కాక, ఆ ఎరుపుకు భయపడి తాగుతున్నారు. వ్యవస్థ అలా కట్టి ఉన్నంతకాలం "ఐచ్ఛికం" అన్న మాటకు విలువ లేదు.

కనుక నా అభ్యర్థన ఇది. రాబోయే నెల రోస్టరులో లాగిన్, లాగౌట్ వేళల పక్కనే భోజన విరామం వేళను కూడా ప్రతి ఒక్కరి వరుసలో ముద్రించండి. ఆ వ్యవధిలో కాల్, మీటింగ్, హ్యాండోవర్ పెట్టకూడదని టీమ్ లీడ్‌లకు, షిఫ్టు ఇన్‌చార్జిలకు రాతపూర్వకంగా చెప్పండి. అత్యవసరంగా పని పడి విరామం తప్పితే, అదే షిఫ్టులో తర్వాతి గంటలో దాన్ని తిరిగి ఇవ్వండి, ఆ నిమిషాలను అడ్హియరెన్స్ లెక్క నుంచి మినహాయించండి. ఎన్ని భోజన విరామాలు తప్పాయో ప్రతి నెలా లెక్క తీయండి, పొట్లాలు ఎన్ని ఖర్చయ్యాయో ప్యాంట్రీ రిజిస్టరులో ఎలాగూ ఉంటుంది. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పొట్లాల వాడకం పెరుగుతున్న విభాగం ఏదైనా ఉంటే, అక్కడ మనుషులు చాలడం లేదని అర్థం చేసుకుని ముందు రిలీవర్‌ను, అంటే విరామంలో బదులు పనిచేసే మనిషిని, పంపండి.

ఇట్లు,
మధురవాడలో రాత్రి షిఫ్టు చేసే ఒక ఉద్యోగిని